"బటన్... బటన్... బటన్" అంటే ఏం కొనాలండీ?

సంక్రాంతికి ఇంకా రెండు వారాలుందనగా ఆత్రేయపురం నుంచి బాబాయ్‌గారు ఫోన్ చేశారు. ఆయన మా నాన్నకు స్నేహితుడు, పూతరేకుల కొట్టు ఉంది. రావులపాలెంలో సెల్‌ఫోన్ల షాపు మీద గది అద్దెకు తీసుకుని చుట్టుపక్కల చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసి పెట్టే నాకు మొట్టమొదటి కస్టమరు కూడా ఆయనే.

"అబ్బాయ్, మన సైటు ఏదో మాట్లాడతాదంట కదా, అది సరిగ్గా మాట్లాడట్లేదంట. హైదరాబాదు నుంచి ఒకావిడ గట్టిగా అడుగుతున్నారు. నాకేం అర్థం కాట్లేదు, నువ్వే మాట్లాడు" అని నంబరు ఇచ్చారు.

మన సైటు మాట్లాడటమేంటి అనుకుంటూనే ఫోన్ చేశాను. ఆవిడకు చూపు లేదు. బ్యాంకులో ఉద్యోగం, పుట్టిల్లు కోనసీమ. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అని ఒకటి ఉంటుంది, వేలు ఎక్కడ పెడితే అక్కడ ఏముందో చదివి వినిపిస్తుంది. ఆవిడ దానితోనే అన్నీ చేసుకుంటారు. ఆఫీసులో అందరికీ పండక్కి మన వైపు స్వీటు పంచాలని పన్నెండు పెట్టెలు ఆర్డర్ చేయబోయారు. ఆరు పంచదారవి, నాలుగు బెల్లంవి, రెండు తీపి తక్కువవి.

"మీ సైటులో బటన్, బటన్, బటన్ అంటోంది తప్ప ఇంకో ముక్క లేదండి. ఏ బటన్ నొక్కితే ఏం వస్తుందో ఎలా తెలుస్తుంది? ఏం కొనాలండీ?"

బాబాయ్‌గారితో మాట్లాడారు కదా, ఫోన్లోనే చెప్పేస్తే సరిపోయేదిగా అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత అనిపించింది.

"చెప్పమనే అన్నారండి, పాపం. డబ్బులు కొట్టి స్క్రీన్‌షాట్ పెట్టమన్నారు. స్క్రీన్‌షాట్‌లో ఏం పడిందో నాకెలా తెలుస్తుంది? అయినా అన్నీ ఫోన్లో చెప్పుకునేదానికి మీకు సైటెందుకండీ?"

దీనికి నా దగ్గర సమాధానం లేదు. రెండు రోజుల్లో సరిచేస్తానన్నాను. అప్పటికే వేరేచోట కాజాలు చెప్పేశానన్నారు.

ఫోన్ తెర ఆపేసి

ఆ రాత్రి నా ఫోన్లో టాక్‌బ్యాక్ పెట్టుకుని, తెర కనిపించకుండా చేసి, నేను చేసిన సైటులో నేనే ఒక పెట్టె కొనబోయాను. వేలితో కుడివైపుకి తోస్తే తర్వాతిదానికి వెళ్తుంది, రెండుసార్లు తడితే నొక్కినట్టు. ఈ రెండూ అలవాటు కావడానికే కాసేపు పట్టింది. నా చేతకానితనాన్ని అందులోంచి తీసేసినా మిగిలింది ఘోరంగానే ఉంది.

మొదట పేజీ పైన బొమ్మ. నాకు అది అరిటాకు మీద పూతరేకులు. టాక్‌బ్యాక్ మాత్రం ఫోటో ఫైలు పేరు చదివింది, అక్షరాలూ అంకెలూ కలిపి, ఎక్కాలు అప్పజెప్పినట్టు. తర్వాత రేట్ల పట్టిక. దాన్ని ఫ్లెక్సీలు కొట్టే షాపులో చేయించిన పోస్టరునే ఫోటోగా పెట్టేశాను, అందుకని అక్కడ ఒక్క రేటూ వినిపించలేదు. పంచదార పెట్టెకు తెల్ల అంచు, బెల్లానికి గోధుమ రంగు అంచు, షుగర్ ఫ్రీకి ఆకుపచ్చ. రంగులతో చెప్పేశానని అప్పట్లో ఎంత మురిసిపోయానో. వింటే మూడూ ఒకటే. ప్లస్సూ మైనస్సూ కూడా బొమ్మలే, అవే ఆవిడ విన్న బటన్లు. పిన్‌కోడులో ఒక అంకె తగ్గించి చూశాను. గడి చుట్టూ ఎర్రగీత వస్తుందని నాకు తెలుసు కాబట్టి సైటు తప్పు పట్టుకుందని ఊహించుకున్నాను. తెలియనివాళ్ళు ఆర్డర్ వెళ్ళిపోయిందనుకుని ఫోన్ జేబులో పెట్టేసుకుంటారు.

అన్నిటికంటే సిగ్గనిపించింది ఇంకొకటి. పేజీ ఏ భాషలో ఉందో కోడు మొదట్లో ఒక మాట రాయాలి. టెంప్లేటులో ఇంగ్లీషు అని ఉంటే అలాగే వదిలేశాను. తెలుగులో తెలుగువాళ్ళ కోసం చేసిన సైటు, నేను ఇంగ్లీషుదని దానికి చెప్పాను. మనిషికి కనిపించదు కదా, ఎవరడుగుతారులే. తెలుగు గొంతు ఫోన్లో ఉండి కూడా దాన్ని పిలిచేవాడు లేడు.

ఇది నా ఒక్కడి నిర్వాకం కాదని తర్వాత చదివాక తెలిసింది. వెబ్‌ఎయిమ్ అనే అమెరికా సంస్థ 2019 నుంచి ఏటా పది లక్షల సైట్ల మొదటి పేజీలను పరీక్షిస్తోంది. 2025లో 94.8 శాతం పేజీల్లో తప్పులు దొరికాయి. ఎక్కువగా దొరికేవి ఏడాదికేడాది అవే: వెలిసిపోయిన రంగు అక్షరాలు, వివరణ లేని బొమ్మలు, పేరు లేని గడులు, ఖాళీ లింకులు, ఖాళీ బటన్లు, భాష చెప్పకపోవడం. చూస్తే నా పేజీని చూసి రాసిన జాబితాలా ఉంది.

"అలాంటోళ్ళు ఎంతమంది కొంటారు?"

మర్నాడు ఆత్రేయపురం వెళ్ళి ఇదంతా చెప్పాను. బాబాయ్‌గారు ఓపిగ్గా విని, "పాపమే అబ్బాయ్, కాదన్లేదు. కానీ అలాంటోళ్ళు మన దగ్గర ఎంతమంది కొంటారు?" అన్నారు.

ఆయన్ని తప్పు పట్టలేను. వ్యాపారి అడగాల్సిన ప్రశ్నే. ఇంటర్నెట్‌లో దీనికి రెడీమేడ్ సమాధానాలు బోలెడు. ప్రపంచంలో 130 కోట్లమంది, ఆరుగురిలో ఒకరు, ఏదో ఒక పెద్ద వైకల్యంతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మన 2011 జనాభా లెక్కలు 2.68 కోట్లమంది, అంటే 2.21 శాతం అంటాయి. ఆరుగురిలో ఒకరెక్కడ, నలభై ఐదుగురిలో ఒకరెక్కడ? కొలిచే పద్ధతులు వేరన్నది నిజమే. దానికి తోడు, గుమ్మంలో నిలబడి పెన్నూ కాగితం పట్టుకున్న మనిషి "మీ ఇంట్లో ఎవరికైనా..." అని అడిగితే మనవాళ్ళు ఎంతమంది ఉన్నది ఉన్నట్టు చెప్తారో మనకు తెలియంది కాదు. పెళ్ళి కావాల్సిన పిల్ల ఇంట్లో ఉంటే అసలే చెప్పరు.

బ్రిటన్ కబుర్లూ ఉన్నాయి. టెస్కో అనే పెద్ద సరుకుల సంస్థ 2000ల మొదట్లో 35 వేల పౌండ్లు పెట్టి చూపు లేనివాళ్ళకు అనువైన సైటు చేయిస్తే, దాని మీద ఏటా 1.3 కోట్ల పౌండ్ల పైన వ్యాపారం జరిగిందంటారు. ఈ విషయం మీద ఎవరు రాసినా ఈ ముక్క పెట్టకుండా ఉండరు. నాకు మాత్రం ఆ డబ్బంతా చూపు లేనివాళ్ళ దగ్గర్నుంచే వచ్చిందంటే నమ్మబుద్ధి కాదు. ఆ రోజుల్లో నత్తనడక నెట్ మీద అంత తేలికగా తెరుచుకునే సైటు కనిపిస్తే చూపున్నవాళ్ళు మాత్రం ఊరుకుంటారా? ఇంకో లెక్క: వాడలేని సైట్లు వదిలేసి వికలాంగులు వేరేచోటికి తీసుకుపోతున్న ఖర్చు 2019లో 1,710 కోట్ల పౌండ్లని అక్కడి క్లిక్-అవే పౌండ్ సర్వే అంచనా వేసింది. బాబాయ్‌గారికి చెప్తే, "అవన్నీ ఇంగ్లండువాళ్ళ గొడవలు, మనకెందుకు" అన్నారు. ఆయన మాటకూ న్యాయం ఉంది. ఏటిగట్టు పక్కన కొట్టుకి పౌండ్ల లెక్క ఎలా అతుకుతుంది?

అందుకని నేను కౌంటరు కింద ఉండే పొడుగు పుస్తకం తీయించాను.

పొడుగు పుస్తకం

సీజన్లో ఫోన్ ఆర్డర్లు రాసుకోవడానికి కొట్లో ఒక అమ్మాయి కూర్చుంటుంది. పుస్తకం అంచులు నెయ్యి మరకలతో పారదర్శకంగా అయిపోయాయి. పేజీకి పదో పన్నెండో ఆర్డర్లు. ఒక పేజీలో "బెల్లం" కొట్టేసి "పంచదార" అని, దాన్నీ కొట్టేసి మళ్ళీ "బెల్లం" అని ఉంది. ఒకచోట పిన్‌కోడు ఐదంకెలే. ఇంకోచోట "ఎత్తట్లేదు, 2 సార్లు". కింద ఎర్ర ఇంకుతో "తప్పు పెట్టె వెళ్ళింది, మళ్ళీ పంపాలి". పూతరేకులు వెనక్కి తెప్పించుకుని ఇంకొకరికి అమ్మేవి కావు కదా. పల్చటి రేకు, కొరియర్‌లో ఒకసారి వెళ్తేనే గుండె గుబగుబలాడుతుంది. తప్పు వెళ్ళిందంటే ఆ పెట్టె పోయినట్టే.

"సైటుంది కదా, వీళ్ళంతా ఫోనెందుకు చేశారమ్మా?" అని అడిగాను.

"రేట్లు కనపడట్లేదంటారండి. పెద్దవి చేస్తే పక్కకి పోతున్నాయంటారు. అందరూ రేటే అడుగుతారండి మొదట."

ఇక్కడే నాకు విషయం తట్టింది, ఈ పోస్టు రాయడానికి కారణం కూడా అదే. ఆ పుస్తకంలో పేర్లున్నవాళ్ళు వికలాంగులు కారు, నాకు తెలిసినంతలో. బాబాయ్‌గారి కస్టమర్లలో చాలామంది నలభై దాటినవాళ్ళు. చత్వారం అనే మాటలోనే నలభై ఉంది, సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. మన పెద్దవాళ్ళు జబ్బుకి వయసునే పేరుగా పెట్టేశారు. కళ్ళజోడు ఇంకో గదిలో మర్చిపోయి, పోస్టరును రెండు వేళ్ళతో సాగదీసి, విసుగొచ్చి ఫోన్ చేసినవాళ్ళు వీళ్ళు. టాక్‌బ్యాక్‌కి ఏ పోస్టరు మూగగా ఉందో, వీళ్ళకు అదే పోస్టరు మసగ్గా ఉంది. హైదరాబాదు ఆవిడకు తలుపు పూర్తిగా మూసేస్తే, వీళ్ళకు సగం మూశాను. వీళ్ళు తోసుకుని లోపలికొచ్చారు, ఆ తోపులాట ఖర్చు ఈ పుస్తకంలో ఎర్ర ఇంకుతో ఉంది.

కాబట్టి బాబాయ్‌గారికి నేను ఇచ్చుకున్న సమాధానం ఇది. "అలాంటోళ్ళు ఎంతమంది" అని లెక్కపెట్టకండి. లెక్కకు దొరకరు కూడా, కొనలేనివాడు మనకు చెప్పి వెళ్ళడు. ఆవిడ ఫోన్ చేసి దెబ్బలాడారంటే అది మన అదృష్టం. మీరు ఇప్పటికే కట్టుకుంటున్న ఖర్చు చూడండి: ఆ అమ్మాయి సమయం, తప్పు పెట్టెలు, మళ్ళీ కొరియరు.

ఆయన కాసేపు పుస్తకం తిరగేసి, "ఎంతవుద్ది?" అన్నారు. మూడు వేలు చెప్పాను. నిజానికి నా తప్పుకి నేను డబ్బు తీసుకోవడం ఏ రకంగానూ బాగుండదు. కానీ ఊరికే చేస్తే దాన్ని ధర్మకార్యం కింద జమకట్టి, తర్వాత కొత్త ఫోటోలు పెట్టేటప్పుడు వివరణలు రాయించరని భయం. తీసుకున్నాను. ఇప్పటికీ కొంచెం గుచ్చుకుంటూనే ఉంది.

రెండు సాయంత్రాల పని

పెద్ద పనేం లేదు. పోస్టరు తీసేసి రేట్లు మామూలు అక్షరాల్లో రాశాను. బటన్లకు పేర్లు పెట్టాను. పేజీ భాష తెలుగు అని చెప్పాను. పిన్‌కోడు తప్పయితే ఎర్రగీతతో పాటు "ఆరు అంకెలుండాలి" అని మాటల్లో వచ్చేలా చేశాను. లేత బూడిద రంగు అక్షరాలు ముదురు చేశాను. మామూలు సైజు అక్షరాలకూ వెనకున్న రంగుకీ మధ్య వెలుగు తేడా 4.5కి 1 నిష్పత్తికి తగ్గకూడదని అంతర్జాతీయ ప్రమాణం, దాన్ని కొలిచే పనిముట్లు ఉచితంగా దొరుకుతాయి. నాది సగం కూడా లేదు.

కష్టమైంది బొమ్మలకు వివరణ రాయడం. మొదట అన్నిటికీ "పూతరేకులు" అని రాసి పారేశాను. విని చూస్తే పూతరేకులు, పూతరేకులు, పూతరేకులు. బటన్ బటన్‌కీ దీనికీ తేడా ఏముంది? మళ్ళీ కూర్చుని "బెల్లం పూతరేకులు, జీడిపప్పుతో, 10 ఉన్న పెట్టె" అని రాశాను. బోర్లించిన కుండ మీద తడిపిన గుడ్డతో పిండి పరుస్తున్న ఫోటోకి ఏం రాయాలో చాలాసేపు ఆలోచించాను. కొనుక్కునేవాళ్ళకు అది అవసరమా? అవసరమే అనిపించింది. చూపున్నవాడికి ఆ ఫోటో ఎందుకు పెట్టాను, నోరూరడానికేగా.

ఈ మధ్యలో ఒక అడ్డదారి కూడా తగిలింది. ఒక్క లైను కోడు అతికిస్తే చాలు, పేజీ మూలన మనిషి బొమ్మ వచ్చి సైటు మొత్తం దానంతటదే అందరికీ అనువుగా మారిపోతుందని ఒక ప్రకటన. నెలనెలా కట్టాలి. బాబాయ్‌గారైతే అదే పెట్టేయమన్నారు. అలాంటిదే అమ్మే యాక్సెసిబీ అనే కంపెనీ, చేయలేనివి చేస్తామని చెప్పుకుందన్న ఆరోపణ మీద పది లక్షల డాలర్లు కట్టాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో ప్రకటించింది. పోస్టరు మీద రేటెంతో నేను రాయకపోతే ఆ మూలనున్న బొమ్మ మనిషి మాత్రం ఎక్కడి నుంచి తెస్తాడు?

ఫలితం గురించి గొప్పలు చెప్పను. ఆ సంక్రాంతికి రేటెంతని అడిగే ఫోన్లు తగ్గాయని ఆ అమ్మాయి అంది. నేను లెక్క పెట్టలేదు. గూగుల్లో బెల్లం పూతరేకులని వెతికి వచ్చినవాళ్ళు కనిపించడం మొదలైంది. బొమ్మలో దాక్కున్న మాటల్ని నమ్ముకునే బదులు అక్షరాలు ఇస్తే గూగుల్‌కీ పని తేలికే మరి. అయితే 2023లో ఆత్రేయపురం పూతరేకులకు జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సొంత సరుకన్న ముద్ర, వచ్చాక దూరపు ఆర్డర్లు ఎలాగూ పెరుగుతున్నాయని బాబాయ్‌గారు అంటారు. నా పని వల్ల ఎంత, దానివల్ల ఎంత అని విడదీసి చెప్పే తెలివి నాకు లేదు.

చెరువు గట్టు మీద ఫోను

ఇది ఒక్క స్వీటు కొట్టు సంగతే అయితే ఇంత రాయక్కర్లేదు. భీమవరం వైపు ఒక మేత డీలరుకి సైటు చేశాను. రోజూ రొయ్యల రేటు పెడతారు, 30 కౌంటు (కిలోకి 30 తూగేవి) ఎంత, 100 కౌంటు ఎంత అని. తెల్లటి తెర మీద లేత నీలం అంకెలు, చూడ్డానికి ఏసీ గదిలో ముచ్చటగా ఉండేవి. రైతు దాన్ని చూసేది మిట్టమధ్యాహ్నం చెరువు గట్టు మీద, తడి చేత్తో. ఆ ఎండలో అందరికీ చూపు తక్కువే, ఆ తడిచేతికి చిన్న బటన్ అందదు. వణికే చేతులున్న పెద్దాయనకు ఎంత బటన్ కావాలో ఈయనకూ అంతే కావాలి. అంకెలు ముదురు చేసి, బటన్లు పెద్దవి చేశాను. డీలరుకి నేను వికలాంగుల మాటే ఎత్తలేదు.

కడియపులంకలో ఒక నర్సరీ వాళ్ళు మొక్కల వీడియోలు పెడతారు. ఏ మొక్కకు ఎంత ఎండ, ఎన్ని నీళ్ళు, రేటెంత, అన్నీ మాటల్లోనే. చెవులు వినపడనివాళ్ళకు అది పెదాలాడే బొమ్మ. కింద "వివరాలకు ఫోన్ చేయండి". వినపడని మనిషిని ఫోన్ చేయమనడం ఏం మర్యాదో ఆలోచించండి. మాటలను కింద అక్షరాలుగా కూర్చి పెడదామంటే వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు, బస్సులో సౌండు లేకుండా చూసేవాళ్ళ కోసమని. ఇక్కడా అంతే, ఒప్పించింది బస్సు ప్రయాణికులు.

ఇక్కడే నాకు తేలని సందేహం ఒకటుంది. ఇలా ప్రతిసారీ మిగతావాళ్ళను ముందు పెట్టి వికలాంగులను వెనక నుంచి తీసుకురావడం సరైన పనేనా? లాభం చూపించి ఒప్పిస్తే, లాభం లేదని తేలిన రోజు తీసేస్తారు కదా. టాక్‌బ్యాక్ కోసం చేసినవాటిలో కొన్ని నిజంగా చూపున్నవాడికి ఎందుకూ పనికిరావు. బటన్ పేరు వాడికి వినపడదు, కనపడదు. దానికి ఏ చత్వారం కథా అతకదు. అక్కడ హక్కు అనే మాట తప్ప ఇంకోటి లేదు. హక్కు ఉంది కూడా. వికలాంగుల హక్కుల మీద 2016 చట్టం ఉంది, 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని తీర్పిచ్చింది. యాసిడ్ దాడి బాధితులు కన్ను ఆర్పలేక, చూపు లేనివాళ్ళు సెల్ఫీ సరిగ్గా పెట్టలేక కెమెరా ముందు కన్ను ఆర్పి గుర్తింపు చూపమనే బ్యాంకు కేవైసీ దగ్గర ఆగిపోతున్నారన్న కేసులవి. ఆ తీర్పు చదివితే వ్యాపార లాభమని నేను రాస్తున్నదంతా చిన్నగా కనిపిస్తుంది.

అయినా ఆత్రేయపురం కొట్లో నిలబడి 21వ అధికరణ చదవలేను. చట్టం పేరు చెప్పి భయపెట్టనూ లేను, పూతరేకుల కొట్టు మీద ఇలాంటి కేసు పడుతుందని నేనే నమ్మను. యూరప్‌లో 2025 జూన్ 28 నుంచి అమల్లోకొచ్చిన ఇలాంటి చట్టం ఆన్‌లైన్ అమ్మకాలకూ వర్తిస్తుంది, నర్సాపురం లేసు నేరుగా అక్కడివాళ్ళకు అమ్మాలనుకునేవారు చూసుకోవాలి. దాంట్లో కూడా పదిమంది లోపు పనివాళ్ళూ, ఏటా 20 లక్షల యూరోలు మించని వ్యాపారమూ ఉన్నవాళ్ళ సేవలకు మినహాయింపు ఉంది. డెల్టాలో నా కస్టమర్లంతా ఆ మినహాయింపులో హాయిగా పడుకోవచ్చు. అందుకే నాకు మిగిలింది పొడుగు పుస్తకమే. దాంతో తలుపు తీయించి, బటన్ల పేర్లు ఆ మూడు వేలలోనే కలిపేస్తున్నాను. ఇంతకంటే నిజాయితీగా అమ్మే దారి మీకు తెలిస్తే చెప్పండి, మారుస్తాను.

హైదరాబాదు ఆవిడకు సైటు బాగయిందని మెసేజ్ పెట్టాను. జవాబు రాలేదు. ఉగాది ముందు బాబాయ్‌గారు మళ్ళీ ఫోన్ చేశారు, గొంతులో కోపం.

"ఆవిడేనబ్బాయ్, అప్పుడు బటన్ బటన్ అన్నావిడ. వారం కిందట సైటులోనే నాలుగు పెట్టెలు కొన్నారంట, మనకు తెలీనే తెలీదు. ఇప్పుడు ఫోన్ చేసి ఏమన్నారో తెలుసా? సైటు బాగానే ఉందంట, నెయ్యి తగ్గించారేంటీ అంటున్నారు. నెయ్యి తగ్గించామా మనం? నువ్వు తిన్నావు కదా, చెప్పు!"

అరగంట నెయ్యి గురించే మాట్లాడారు.